మేలో నాలుగు రోజులు: అరకు–వైజాగా, మైసూరు–ఊటీయా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి ఆరుగురు, అందులో 68 ఏళ్ల నాన్నగారికి మోకాళ్ల నొప్పి, పిల్లలకు ఆరేళ్లు, పదకొండేళ్లు. మే రెండో వారంలో గురువారం నుంచి ఆదివారం దాకా సెలవు, బుధవారం సాయంత్రమే బయల్దేరగలరు, సోమవారం ఆఫీసు. అరకు–వైజాగ్ వెళ్లాలా, లేక సొంత కారులో మైసూరు, కూర్గు, ఊటీ చుట్టి రావాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు కావలసింది చల్లదనమైతే మైసూరు–ఊటీ వైపే వెళ్లండి. కానీ ఊటీలో కాదు, దాని పక్కనే ఉన్న కూనూరులో ఉండండి. కూర్గు తీసేయండి. కారు ఇంట్లో పెట్టి, రైల్లో వెళ్లి విమానంలో రండి. అరకును నవంబరుకు దాచుకోండి.

నేను ఇరవై రెండేళ్లుగా టెంపో ట్రావెలర్లు తిప్పుతున్నాను. మొదటి తొమ్మిదేళ్లు స్టీరింగ్ పట్టింది నేనే. ఏప్రిల్, మే వచ్చాయంటే "అన్నా, ఎక్కడైనా చల్లగా ఉండే చోటు చెప్పు" అనే ఫోన్లే. అందరికీ మొదట చెప్పేది ఒకటే: ఊరి పేరు చూడొద్దు, ఎత్తు చూడండి.

వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఇది అందరికీ తెలిసిందే. మనవాళ్లు మర్చిపోయేది ఏమిటంటే, హైదరాబాద్ కూడా ఎత్తు మీదే ఉంది, 500 మీటర్లు దాటి. అరకు సుమారు 900 మీటర్లు. అంటే వైజాగ్ సముద్రపు ఒడ్డు నుంచి ఎక్కేవాడికి అరకు నిజంగానే చల్లన. మనకు మాత్రం తేడా రెండు మూడు డిగ్రీలే. మే మధ్యాహ్నం అరకులో నిలబడి "ఇదేంటి, మన శంషాబాద్‌లాగే ఉంది" అన్నవాళ్లను నేను ఎక్కించుకుని తిరిగాను. రాత్రిళ్లు బాగుంటుంది, ఒక్కోసారి సాయంత్రం ఉరుములతో వాన పడి హాయిగా అయిపోతుంది. కానీ దానికి గ్యారంటీ లేదు.

ఇదే లెక్క మిగతా వాటికీ వేయండి. మైసూరు 760 మీటర్ల పైచిలుకు, కూర్గులో మడికేరి సుమారు 1150, మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ 1265, కూనూరు 1850 దాకా, ఊటీ 2240. మేలో హైదరాబాద్ వాళ్లకు "అబ్బా" అనిపించాలంటే 1500 మీటర్లు దాటాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆ ఎత్తులో ఉండటానికి ఏర్పాట్లున్న ఊరు లేదు. వికారాబాద్ అనంతగిరి కూడా అడుగుతుంటారు. జులైలో వెళ్లండి, ఎంత బాగుంటుందో. మేలో అక్కడ ఎండుటాకులు తొక్కుకుంటూ తిరగడమే. హార్స్‌లీ హిల్స్ మంచి చోటే, నీలగిరి చెట్ల కింద రెండు రోజులు ఊరికే కూర్చోవడానికి. కానీ అది తిరుపతి, కడప, అనంతపురం, బెంగళూరు వాళ్లకు. మీరు హైదరాబాద్ నుంచి ఐదు వందల కిలోమీటర్లు పోయి రెండు రాత్రులుండి వస్తే నడుములు తప్ప ఏమీ మిగలవు.

ఇప్పుడు కారు సంగతి. హైదరాబాద్ నుంచి ఊటీకి రోడ్డు మీద సుమారు 850 కిలోమీటర్లు. గూగుల్ పదిహేను గంటలంటుంది. గూగుల్‌కు మోకాళ్లు నొప్పులుండవు, టాయిలెట్ కోసం ఆగమనదు. కుటుంబంతో అది పద్దెనిమిది గంటలు. రానూపోనూ రెండు రోజులు పోయినట్టే. నేను బండి నడిపే రోజుల్లో ఒక కుటుంబం ఐదు రోజుల్లో మైసూరు, ఊటీ, కొడైకెనాల్ మూడూ చూడాలని పట్టుబట్టింది. చూపించాను. మూడు చోట్లా దిగారు, ఫోటోలు దిగారు, ఎక్కారు. రెండేళ్ల తర్వాత ఒక పెళ్లిలో ఆ ఇంటి పెద్దావిడ కనపడి "ఆ కృష్ణగిరి దగ్గర డాబాలో పరోటా తిన్నాం కదా బాబూ, అది భలే ఉంది" అంది. కొడైకెనాల్ లేక్ ఆవిడకు గుర్తే లేదు. ఐదు రోజుల కిరాయి, ఒక పరోటా.

అందుకే మీకు నేను చెప్పే దారి ఇది, పోయిన దారిన తిరిగి రానవసరం లేకుండా:

బుధవారం సాయంత్రం కాచిగూడ నుంచి మైసూరు ఎక్స్‌ప్రెస్. పొద్దున బెంగళూరు దాటి మైసూరు చేరుస్తుంది. నాన్నగారు రాత్రంతా కాళ్లు చాపుకుని పడుకుంటారు. అది కారులో కుదరని పని. కింది బెర్తు కోసం బుకింగ్ తెరిచిన రోజే చూడండి. ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, వెనకటిలా నాలుగు నెలలు కాదు. మే సీట్లు మార్చిలోనే అయిపోతాయి.

గురువారం మైసూరు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. రైలు దిగి, గదిలో సామాను పడేసి, "టైం వేస్ట్ చేయకూడదు" అని పన్నెండింటికి ప్యాలెస్‌కు పోతారు. ప్యాలెస్‌లోకి చెప్పులు వదిలి వెళ్లాలి. మే మధ్యాహ్నం ఆ ఆవరణలో రాళ్ల మీద ఒట్టి కాళ్లతో నడిచిన పిల్లాడు ఎలా గెంతుతాడో నేను చాలాసార్లు చూశాను. ఒకసారి ఒక తండ్రి పిల్లని ఎత్తుకుని, తను మాత్రం పెనం మీద అట్టులా కాలు మార్చి కాలు వేసుకుంటూ నీడ దాకా పరుగెత్తాడు. అందరికీ మందపాటి సాక్స్ ఒక జత జేబులో పెట్టండి. దానికంటే మంచిది, మూడున్నరకు వెళ్లడం. సాయంత్రం ఐదున్నరకు మూసేస్తారు కాబట్టి రెండు గంటలు చాలు.

వేసవిలో ఏ ఊరైనా పొద్దున పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యలో భోంచేసి ఏసీ గదిలో నిద్ర. అది టైం వేస్ట్ కాదు, సాయంత్రం తిరగడానికి పెట్టుబడి. ప్యాలెస్ అయ్యాక దేవరాజ మార్కెట్‌లో పూలు, కుంకుమ, అగరొత్తులు చూసి, మైసూర్ పాక్ కొనుక్కుని తిని పడుకోండి. ప్యాలెస్ మొత్తం బల్బులతో చాలాసేపు వెలిగే దృశ్యం ఆదివారాలు, సెలవు రోజుల సాయంత్రాలే ఉంటుంది. మీకు గురువారం పడింది కాబట్టి అది దొరకదు, మామూలు రోజుల్లో సౌండ్ అండ్ లైట్ షో తర్వాత కొద్ది నిమిషాలే వెలిగిస్తారు. దాని కోసం ప్లాన్ మొత్తం తిరగేయకండి. అలా తిరగేస్తే ఆదివారం రాత్రి మైసూరులో ఉంటారు, సోమవారం ఆఫీసు గోవిందా. చాముండి కొండ చూడాలనుకుంటే గురువారమే చీకటి పడకముందు కారులో పైదాకా వెళ్లండి, మెట్ల జోలికి వద్దు. జూ చాలా మంచిది, నాన్నగారికి బ్యాటరీ బండి కూడా దొరుకుతుంది. కానీ అరపూట కావాలి. ప్యాలెస్, జూ, చాముండి మూడూ ఒక్క రోజులో మీ ఇంటిల్లిపాదితో కుదరవు. పిల్లల్ని అడిగితే జూ అంటారు, నాన్నగారు చాముండి అంటారు. ఆ పంచాయితీ మీరే తీర్చుకోండి.

శుక్రవారం పొద్దున ఆరున్నరకల్లా ట్యాక్సీ కదలాలి. బందీపూర్ అడవి రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది, 2009 నుంచీ అదే రూలు. అందుకే "రాత్రికి రాత్రే వెళ్లిపోదాం" అనే ఆలోచన పనికిరాదు. పొద్దున్నే వెళ్తే జింకలు, అదృష్టముంటే ఏనుగులు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. బండి ఆపనివ్వరు, దిగనివ్వరు. సెల్ఫీ కోసం డ్రైవర్‌ను ఒత్తిడి చేయకండి, ఫైన్ పడేది అతనికి.

తమిళనాడులోకి వచ్చేముందు రెండు విషయాలు.

ఒకటి ఈ-పాస్. 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఊటీ, కొడైకెనాల్‌కు వెళ్లే బయటి బండ్లన్నిటికీ ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో రోజుకు ఇన్ని బండ్లే అని లెక్క కూడా కట్టారు, ఊటీకి మామూలు రోజుల్లో 6000, వారాంతాల్లో 8000. డబ్బు కట్టక్కర్లేదు కానీ బండి నంబరు ఇవ్వాలి. ట్యాక్సీవాడు "అక్కడ చూసుకుందాం సార్" అంటే ఒప్పుకోకండి. బుధవారం లోపే పాస్ మీ ఫోన్‌లోకి రావాలి. మీరు వెళ్లే ఏడాది రూలు ఎలా ఉందో తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ సైట్‌లో ఒకసారి చూడండి.

రెండోది నీళ్ల బాటిళ్లు. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ మీద గట్టి నిషేధం ఉంది. ఒకసారి మా బండిలో ఒక కుటుంబం రెండు కేసుల వాటర్ బాటిళ్లు, ఒక పెద్ద కవరు నిండా డిస్పోజబుల్ ప్లేట్లు సర్దుకుని వచ్చింది. చెక్‌పోస్టులో అన్నీ దింపించారు. దించేముందు ఆ ఇంటి బాబాయి గారు "డబ్బులు పెట్టి కొన్నాం" అంటూ నిలబడి ఒకటిన్నర బాటిల్ గటగటా తాగేశారు. ఆ తర్వాత ఘాట్‌లో ఎన్నిసార్లు బండి ఆపించారో చెప్పక్కర్లేదు. తలా ఒక స్టీలు బాటిల్ పెట్టుకోండి.

ఘాట్ రోడ్డులో పిల్లల వాంతుల గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సింది అదే. ఘాట్ మొదలయ్యే ముందు పాలు, పూరీ, చిప్స్ పెట్టకండి. అలాగని ఖాళీ కడుపూ మంచిది కాదు, రెండు ఇడ్లీలు చాలు. వాంతి వచ్చే పిల్లని ముందు వరసలో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు చూడమనండి. ఫోన్ మాత్రం చేతికివ్వొద్దు. పది వాంతుల్లో ఎనిమిది వీడియో చూస్తుండగా వచ్చినవే, నా బండి సీట్లు కడిగిన అనుభవంతో చెబుతున్నాను. నేను డ్యాష్‌బోర్డు మీద ఎప్పుడూ నాలుగు నిమ్మకాయలు ఉంచేవాణ్ణి. గోటితో తొక్క గిల్లి వాసన చూపిస్తే కొందరికి అక్కడికక్కడే తగ్గేది. మాత్ర వేయాలంటే మీ పిల్లల డాక్టర్‌నే అడగండి.

ట్యాక్సీ మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటు ఒక్కటే అడిగి ఊరుకోకండి. రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు కట్టిస్తారు, మీరు యాభై తిరిగినా సరే. డ్రైవర్ బత్తా, కొండ చార్జీ, రాష్ట్రం దాటినందుకు ట్యాక్సు ఎవరిది, కోయంబత్తూరులో మిమ్మల్ని దింపాక బండి ఖాళీగా వెనక్కి వెళ్లే ఖర్చు ఎవరిది, ఇవన్నీ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేస్తారు, దానికి గొడవ పడకండి. అక్కడ దాని అవసరమూ ఉండదు. ఇంకొక్కటి, స్వార్థంతోనే చెబుతున్నాననుకోండి: డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడో అడగండి. సీజన్‌లో కొండ మీద డ్రైవర్లకు గదులుండవు, చలికి సీట్లోనే ముడుచుకుంటారు. మర్నాడు మీ ఆరుగురినీ దించేది ఆ నిద్ర చాలని మనిషే.

శుక్రవారం మధ్యాహ్నానికి ఊటీ చేరతారు. బొటానికల్ గార్డెన్ దారిలోనే చూసేయండి. 1848 నాటి తోట, పచ్చిక మీద పిల్లలు దొర్లుతారు, నాన్నగారు బెంచీ మీద కూర్చుంటారు. మేలో పూల ప్రదర్శన ఇక్కడే జరుగుతుంది. ఆ తేదీలు చూసుకుని, అది మీ రోజుల్లోనే పడితే లోపలికి వెళ్లే ఆలోచన మానుకోండి. పూల కంటే తలలు ఎక్కువ కనిపిస్తాయి. అక్కడి నుంచి చీకటి పడకముందే కూనూరు దిగిపోండి, ఇరవై కిలోమీటర్ల లోపే.

కూనూరు ఎందుకంటే, మేలో ఊటీ అంటే హారన్లు. లేక్ దగ్గర బండి అరగంట కదలని రోజులున్నాయి. కూనూరు రెండు మూడు డిగ్రీలు వెచ్చన, అది నాన్నగారి మోకాళ్లకు మంచిదే. గది కిటికీ తీస్తే టీ తోట. గదుల రేట్లు మేలో రెండు చోట్లా మండిపోతాయి, మామూలు రోజులకు రెట్టింపు అనుకునే బడ్జెట్ వేసుకోండి. కూనూరులో దొరక్కపోతే కోటగిరి చూడండి, ఇంకా ప్రశాంతం. గది బుక్ చేసేటప్పుడు "వ్యూ ఉందా" అని కాదు, "రోడ్డు నుంచి గదికి ఎన్ని మెట్లు" అని అడగండి. కొండ ఊళ్లలో హోటళ్లు వాలు మీద కడతారు. "గ్రౌండ్ ఫ్లోర్" అన్నది రోడ్డుకు నలభై మెట్లు కిందుండవచ్చు. మా సొంత అత్తగారిని అలాంటి గదిలో పెట్టి రెండు రోజులు మాట పడ్డాను.

శనివారం ఊటీకి కారులో వెళ్లొద్దు. పిల్లలకు బొమ్మ రైలు కావాలి కదా, కూనూరు నుంచి ఊటీ దాకా ఆ రైల్లోనే వెళ్లి రండి, ఒక్కో వైపు గంట పైన పడుతుంది. అసలు పేరున్నది కొండ కింద ఉన్న మేట్టుపాళయం నుంచి పైకెక్కే భాగం. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల కమ్మీ ఉంటుంది, ఇంజిన్ కింది పళ్ల చక్రం దాన్ని కొరుక్కుంటూ ఎక్కుతుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను, 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చూడదగ్గదే. కానీ మొత్తం దారి ఐదు గంటలు, సీట్లు ఇరుకు, మోకాలు ముడిచి కూర్చోవాలి. నాన్నగారితో వద్దు. చిన్న భాగమైనా సీటు ముందే బుక్ చేయండి, అప్పటికప్పుడు దొరకడం కష్టం. సాయంత్రం కూనూరులోనే సిమ్స్ పార్కు. ఆరింటికి గాలి మారుతుంది, స్వెటర్లు గదిలో మర్చిపోకండి. గొడుగులు కూడా, మేలో నీలగిరుల్లో మధ్యాహ్నం వానలు మామూలే.

ఆదివారం తొమ్మిదికల్లా కోటగిరి మీదుగా మేట్టుపాళయం, అక్కడి నుంచి కోయంబత్తూరు. సీజన్‌లో పోలీసులు కూనూరు రోడ్డును ఎక్కేవాళ్లకు, కోటగిరి రోడ్డును దిగేవాళ్లకు వదులుతుంటారు, మీ దారి దానికి సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం భోజనం కింద చేసి సాయంత్రం విమానం ఎక్కితే గంటన్నరలో శంషాబాద్. దిగేటప్పుడు డ్రైవర్ న్యూట్రల్‌లో జార్చుతున్నా, టైర్ల దగ్గర మాడు వాసన వస్తున్నా మొహమాట పడకుండా ఆపించండి. ఎక్కిన గేర్‌లోనే దిగాలి. పావుగంట ఆగితే బ్రేకులు చల్లారతాయి.

ఇంత చెప్పినా ఇంట్లో ఓటింగ్ పెడితే అరకు గెలవొచ్చు. టికెట్లు దొరక్కపోయినా, విమానం రేటు చూసి గుండె ఆగినా కూడా అదే. అప్పుడు ఇలా చేయండి: వైజాగ్‌లో ఒక రాత్రి, అరకులో రెండు రాత్రులు. వెళ్లేటప్పుడు పొద్దున కిరండూల్ రైలు, అద్దాల కోచ్ దొరికితే అందులో. యాభైకి పైగా సొరంగాలున్న ఆ నాలుగు గంటలు పిల్లలు ఫోన్ అడగరు. వచ్చేటప్పుడు రోడ్డు మీద గాలికొండ, అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు. గుహల్లో మేలో కూడా చల్లగా ఉంటుంది, కానీ మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. నాన్నగారు పైన వెదురులో కాల్చిన బొంగు చికెన్ దుకాణం దగ్గర కూర్చుంటే మేలు. జలపాతాల మీద ఆశ పెట్టుకోకండి, మేలో సన్నటి ధారలే. వలిసె చేలు పసుపు పూలతో నిండేది కూడా నవంబరులోనే. వైజాగ్‌లో ఉక్కపోత మామూలుగా ఉండదు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, బీచ్ అన్నీ సాయంత్రానికి పెట్టుకోండి. సబ్‌మెరైన్‌కు సోమవారం సెలవు. లోపల ఇరుకు గుమ్మాలు వంగి దాటాలి, అది కూడా పిల్లలకే.

మైసూరు దారే ఖాయమైతే, బందీపూర్ దాటాక డ్రైవర్ మిమ్మల్ని "మసినగుడి మీదుగానా, గూడలూరు మీదుగానా" అని అడుగుతాడు. మసినగుడి దారి ముప్పై కిలోమీటర్లు తక్కువే, కానీ కల్లహట్టి ఘాట్ ముప్పై ఆరు మలుపులతో నిట్టనిలువుగా ఉంటుంది. గూడలూరు అనండి.